మందు మీద మందు

కొత్తగా ఎవరికైనా మెంటర్‌గా వెళ్తున్నారా? అయితే ఇది మీకోసమే రాస్తున్నాను. పరిశోధన మొదలుపెడుతున్న పిల్లలు కూడా చదవొచ్చు. వాళ్లు నవ్వుకోవడానికి చదువుతారు, మీరు మాత్రం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చదవండి. ముప్పై ఏళ్ల పైచిలుకు వైద్య కళాశాలలో సూక్ష్మజీవుల గురించి పాఠాలు చెప్పి, ఉద్యోగం చివరి రోజుల్లో విజయనగరంలో ఒక పథకంలో పనిచేశాను. సర్వీసు మొత్తంలో నేను చేసిన తప్పుల్లోకెల్లా ఘనమైనది అక్కడే చేశాను.

ఆ పథకం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. తాగుడు, మత్తు అలవాట్లు ఒకవైపు, హెచ్ఐవీ ఇంకోవైపు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఏం జరుగుతుందో పరిశోధించేవాళ్లు మన దగ్గర తక్కువ. అందుకని, అప్పుడే చదువు ముగించిన యువ శాస్త్రవేత్తలకి రెండేళ్లపాటు జీతమూ పరిశోధన ఖర్చులూ ఇచ్చి, ఒక్కొక్కరి పక్కన ఒక పెద్ద తలకాయను కూర్చోబెట్టేవారు. ఆ తలకాయల్లో నాదొకటి. కాగితాల మీద నా హోదా ‘మార్గదర్శి’. మా ఆఫీసులో గణాంకాలు చూసే స్టాటిస్టీషియన్ ఒకాయన ఉండేవారు. వయసులో నాకంటే రెండేళ్లు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్దది. ఆయన నన్ను ‘దారి చూపే దీపం గారూ’ అని పిలిచేవారు, కరెంటు పోయినప్పుడైతే మరీను. పథకంలో ఒక మెలిక ఉంది. మొదటి ఏడాది చివర సమీక్ష కమిటీ కూర్చుంటుంది. పని నచ్చితే రెండో ఏడాది ఇస్తారు, నచ్చకపోతే అక్కడితో సరి.

రెండువేల పదిహేను ప్రాంతంలో నా దగ్గరకి ఒక అమ్మాయి వచ్చింది. కళింగపట్నం వైపు మత్స్యకారుల ఇంటి పిల్ల. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముతుంది. వచ్చిన వారానికే మా ఆఫీసుకి వాళ్లమ్మ పంపిన ఎండుచేపల పొట్లం తెచ్చి, మొహమాటపడి నా చేతికివ్వకుండా ఫైళ్ల బీరువాలో పెట్టేసింది. మూడు రోజులు అందరం ఎలుక చచ్చిందని గదంతా వెతికాం. దొరికాక స్టాటిస్టీషియన్ గారు, శుద్ధ శాకాహారి, ఆ బీరువాకి దండం పెట్టి తన బల్ల కిటికీ దగ్గరకి జరిపించుకున్నారు.

ఎంపికప్పుడు ఆ అమ్మాయిని “ఈ విషయమే ఎందుకు?” అని అడిగాను. “హెచ్ఐవీకి రోజూ వేసుకోవలసిన బిళ్లలు మా వైపు వాళ్లు తెచ్చుకుంటారు మేడమ్. కానీ మధ్యమధ్యలో మానేస్తుంటారు. తాగి మర్చిపోతారని అందరూ అంటారు. ఎందుకు మానేస్తున్నారని వాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు” అంది. ఆ ఒక్క మాటకే నేను మార్కులు వేసేశాను. అంత మంచి ప్రశ్న నాకు తట్టనందుకు కొంచెం కుళ్లుకున్నాను కూడా.

ఈ పనికోసం ఆ పిల్ల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఆ ప్రిన్సిపాల్ మంచాయన. ఏడాది వరకు ఆ పోస్టు ఖాళీగానే ఉంచుతాను, అక్కడ కుదరకపోతే వచ్చేయమ్మా అన్నాడట. ఇంట్లోవాళ్లకి ఆ మాట కొండంత ధైర్యం. ఆ పిల్లకి అదే గుబులు. “వెనక్కి వెళ్లానంటే మళ్లీ ఇటు రాలేను మేడమ్” అని ఒకే ఒక్కసారి అంది నాతో. మొదటి ఏడాది సరిగ్గా జరగాలి, రెండో ఏడాది రావాలి. మాకు కావలసిందల్లా అదే.

ఇక నా నిర్వాకం. ఆ అమ్మాయి మనుషుల్ని అడగవలసిన ప్రశ్నలన్నీ ఒక ఫారంగా రాసుకొచ్చింది. రెండో పేజీలో తాగుడు గురించి, “గత వారంలో ఎన్ని రోజులు సారా తాగినారు?” అని ఉంది. నాలుగో పేజీలో చికిత్స గురించి, “గత వారంలో ఎన్ని రోజులు బిళ్లలు ఏసుకున్నారు?” అని ఉంది. అచ్చంగా వాళ్ల ఊళ్లో మాట్లాడినట్టు రాసింది. మేం విజయనగరం టౌను వాళ్లం. తెలుగు భాష మా వీధిలోనే పుట్టిందని మాకో నమ్మకం. ఎర్ర పెన్ను తీశాను.

మొదటిరోజు రెండో పేజీ పట్టుకున్నాను. “సారా అని రాస్తే మనల్ని ఎక్సైజు వాళ్లనుకుని పారిపోతారు. బ్రాందీ తాగేవాడేమో నేను సారా తాగనంటాడు. అన్నిటికీ సరిపోయేలా ‘మందు’ అని రాయి. ‘తాగినారు’ అంటే నిలదీసినట్టుంది, మర్యాదగా ‘తీసుకున్నారు’ అందాం” అన్నాను. మీరే చెప్పండి, ఇందులో తప్పేముంది? పది రోజుల తర్వాత నాలుగో పేజీ ముందేసుకున్నాను. “బిళ్లలేమిటమ్మా, చిన్నపిల్లల ఆటలా. తలనొప్పి బిళ్ల కూడా బిళ్లే. చక్కగా ‘మందు’ అని రాయి. ‘ఏసుకున్నారు’ తీసేసి ‘తీసుకున్నారు’ అను” అన్నాను. ఇందులోనూ తప్పు లేదు. విడివిడిగా రెండు దిద్దుబాట్లూ బంగారంలాంటివి.

ఆ అమ్మాయి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, “మేడమ్, రెండు ప్రశ్నలూ ఒకేలా ఉన్నట్టున్నాయి” అని నసిగింది. “పైన శీర్షికలు వేరుగా ఉన్నాయి కదా! ఒకటి ‘అలవాట్లు’, ఒకటి ‘చికిత్స’. మనుషులకి ఆ మాత్రం తెలీదా?” అన్నాను. అలాగే మేడమ్ అంది. నా ముందు ఎప్పుడూ పుస్తకంలోంచి చదివినట్టు మాట్లాడేది, అడుగడుక్కీ అలాగే మేడమ్ అనేది. ఎంత వినయం అనుకుని మురిసిపోయేదాన్ని.

మరి ఈ ప్రశ్నలు అడగడం ఎక్కడ? ఆసుపత్రి దగ్గరైతే తెలిసినవాళ్లు ఎవరో ఒకరు చూస్తారు. ఊళ్లో అయితే అసలే కుదరదు. ఉపాయం ఆ పిల్లే చెప్పింది. ఆదివారం పూట అరసవల్లి వెళ్తున్నానంటే ఇంట్లో గానీ ఊళ్లో గానీ ఎందుకని అడిగేవాడు ఉండడు. సూర్యనారాయణమూర్తి దర్శనం, ఆ రద్దీలో ఎవరు ఎవర్ని చూస్తారు? అక్కడ ఒక లాడ్జిలో కింది గది తీసుకున్నాం. రోగుల్లో ఒప్పుకున్నవాళ్లు దర్శనం చేసుకుని, ప్రసాదం చేతిలో పట్టుకుని మా గదికి వచ్చేవారు. ఫారం మీద పేరు ఉండదు, నంబరే. ప్రశ్నలు చదవడానికి ఇద్దరు ఆడవాళ్లని పెట్టుకున్నాం. వాళ్లకి నేనే శిక్షణ ఇచ్చాను. “ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి. సొంత మాట ఒక్కటి కలిపినా ఆ ఫారం చెల్లదు” అని ఇద్దరిచేతా నాలుగుసార్లు చెప్పించాను. శాస్త్రం ప్రకారం అది సరైన పద్ధతే. శీర్షికల్ని కూడా చదవమని చెప్పడం మాత్రం మర్చిపోయాను.

కొన్ని నెలలకి ఫారాల కట్టలు వచ్చాయి. ఆ పిల్ల కంప్యూటర్లోకి ఎక్కించింది, స్టాటిస్టీషియన్ గారు గ్రాఫు గీశారు. తాగిన రోజులు ఒక పక్క, మందులు వేసుకున్న రోజులు ఇంకో పక్క. చుక్కలన్నీ ఒకే గీత మీద పడ్డాయి. వారమంతా తాగినవాడు వారమంతా మందు వేసుకున్నాడు. అసలు తాగనివాడు ఒక్కరోజు కూడా వేసుకోలేదు.

నాకు ఒళ్లు పులకరించింది. “చూశావా! లోకం అంతా తాగుబోతులు మందులు మానేస్తారంటుంది. మనవాళ్లు తాగి మరీ వేసుకుంటున్నారు. ఇది ఎక్కడా లేని సంగతి!” అన్నాను. ఆ అమ్మాయి గ్రాఫుకేసి అనుమానంగా చూస్తూ నిలబడింది. నేను ఊరుకున్నానా? ఆ సాయంత్రమే దగ్గర కూర్చుని సారాంశం రాయించి కమిటీకి పంపించేశాను. స్టాటిస్టీషియన్ గారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, “దీపం గారూ, నా సర్వీసులో ఇంత తిన్నటి గీత చూడలేదు. మనుషులు ఇంత తిన్నగా ఉండరండీ. ఒక్కసారి వెళ్లి చూసొద్దాం” అన్నారు. అసూయ అనుకున్నాను. అయినా వెళ్లాం.

ఆ ఆదివారం లాడ్జి గదిలో నేను, ఆ అమ్మాయి, స్టాటిస్టీషియన్ గారు ఒక మూల కూర్చున్నాం. మేం ఉండొచ్చా అని ముందే అడిగాం, వచ్చినాయన ఉండండన్నాడు. అరవై దాటిన మనిషి, సముద్రం మీద ఎండకి కాగిన ఒళ్లు, నుదుట కుంకుమబొట్టు. ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలీదు. ప్రశ్నలు చదివే ఇద్దరిలో ఒకావిడ రెండో పేజీ తీసి చదివింది.

“గత వారంలో ఎన్ని రోజులు మందు తీసుకున్నారు?”

“ఏ మందు?” అన్నాడాయన.

ఆవిడ నావైపు భయంగా చూసి, ఉన్నది ఉన్నట్టు మళ్లీ చదివింది. ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, “ఏడు” అన్నాడు. ఆవిడ రాసుకుంది. ఇంకొన్ని ప్రశ్నలయ్యాక నాలుగో పేజీ వచ్చింది.

“గత వారంలో ఎన్ని రోజులు మందు తీసుకున్నారు?”

“ఓలమ్మా! ఇందాకే సెప్పేను కదే, ఏడని. నీకేటి, సెవుడా?”

ఆవిడ మారుమాటాడకుండా మళ్లీ ఏడు అని రాసింది. ఆ తిన్నటి గీత ఎక్కడినుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. పక్కన స్టాటిస్టీషియన్ గారు జేబురుమాలు నోట్లో కుక్కుకుంటున్నారు. ఇంతలో ఆ అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుంది. నా నియమం, నా శిక్షణ అన్నీ పక్కకి నెట్టేసి, తను పుట్టిన ఊరి మాటలో అడిగింది.

“మావా, సారా ఎన్ని రోజులు తాగినావు?”

“నాలుగు రోజులమ్మా. అబద్ధమెందుకు?”

“మరి బిళ్లలో? ఎన్ని రోజులు ఏసుకున్నావు?”

“మూడు.”

“మరి ఏడని సెప్పినావేటి?”

“మందు అని అడిగింది కాదేటి ఆవిడ? అదీ మందే, ఇదీ మందే. నాలుగూ మూడూ ఏడు. కలిపి సెప్పేను.”

స్టాటిస్టీషియన్ గారు ఇక ఆపుకోలేక బయటకి పరిగెత్తారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. “వారానికి ఏడు రోజులున్నాయి కదా మావా. మిగతా నాలుగు రోజులూ బిళ్ల మర్సిపోనావా?” అని అడిగింది.

ఆయనకి కోపం వచ్చింది. “నానెందుకు మర్సిపోతాను? తాగిన నాడు ఎలాగేసుకుంటాను? మందు మీద మందు పడితే ఇషమైపోదా? తాగిన నాడు బిళ్ల ముట్టను. బిళ్ల ఏసుకున్న నాడు సుక్క ముట్టను. నాకు నా పేణం మీద తీపి లేదేటి?”

ఇన్నాళ్లూ ఇలాంటివాళ్లు తాగి మర్చిపోతున్నారని మేం పాఠాలు చెప్పాం, ఉపన్యాసాలిచ్చాం. ఈయన మర్చిపోవడం లేదు. జాగ్రత్త పడుతున్నాడు. బిళ్ల మానడమే ఆయనకి ప్రమాదమని ఎవరూ ఆయన భాషలో చెప్పలేదు. ఆ అమ్మాయి అక్కడే ఆయన చెయ్యి పట్టుకుని, తాగినా సరే బిళ్ల మానొద్దని, మానితేనే రోగం ముదురుతుందని, నమ్మకం కలక్కపోతే సోమవారం డాక్టరుగారినే అడగమని అరగంట చెప్పింది. ఆయన అంతా విని, “అయితే తాగొచ్చన్నమాట” అన్నాడు ఉత్సాహంగా. “తాగొద్దు మావా!” అని అరిచింది. ఆరోజు సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరినీ తనే అడిగింది. అందరూ కాదు గానీ, చాలామంది అదే మాట చెప్పారు, మందు మీద మందు పడకూడదని.

సమీక్ష పది రోజుల్లో ఉంది. ఫారాలన్నీ చెల్లవు. పంపిన సారాంశం పచ్చి తప్పు. తిరిగి వస్తూ జీపులో నేనొక సలహా ఇచ్చాను. రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను. “ఈసారికి పంపిన దానికే కట్టుబడదాం. రెండో ఏడాది చేతికొచ్చాక మెల్లగా సరిచేసుకుందాం” అన్నాను. ఆ పిల్ల భవిష్యత్తు కోసమే అన్నానని అప్పుడు నన్ను నేను నమ్మించుకున్నాను. అందులో సగం నా పరువు కోసం.

ఆ అమ్మాయి, “తప్పు లెక్క చూపించి రెండో ఏడాది తీసుకోలేను మేడమ్. కావాలంటే కాలేజీకి వెళ్లిపోతాను” అంది. మొదటిసారి నాకు అలాగే మేడమ్ అనలేదు. నాకు కోపం వచ్చింది, తర్వాత చాలా సిగ్గేసింది.

సమీక్ష విజయనగరంలోనే. కమిటీ ఛైర్మన్ పేరుమోసిన వైద్యుడు, మెతకమనిషి కాదని ప్రతీతి. ముందురోజు వాళ్లు మా సారాంశం చదివి తెగ ముచ్చటపడ్డారని కబురొచ్చింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి నమస్కారం పెట్టి, మొదటి మాటగా, “నేను పంపిన సారాంశం తప్పు సార్. ఫారాలేవీ పనికిరావు. వెనక్కి తీసుకుంటున్నాను” అంది.

ఛైర్మన్ కళ్లజోడు తీశారు. “ఏమిటి తప్పు?” అంటే రెండు ప్రశ్నల సంగతీ చెప్పింది. “ఈ ప్రశ్నలు ఎవరు రాశారు?” అని గద్దించారు.

“నేనే సార్” అంది.

నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు, తల నెరిసిన మార్గదర్శి, కుర్చీకి అతుక్కుపోయింది. పక్కనున్న స్టాటిస్టీషియన్ గారు హాస్యమాడలేదు, నావైపు చూశారంతే. ఎంతసేపలా ఉన్నానో గానీ, ఆ కాసేపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత లేచి నిలబడ్డాను.

“రాసింది ఆ అమ్మాయి సార్, పాడుచేసింది నేను” అన్నాను. ఆ పిల్ల మొదట రాసిన కాగితాల్ని, నా దిద్దుబాట్లతో సహా, సంచిలో తెచ్చాను. తేవడానికైతే తెచ్చాను గానీ తీస్తానని నాకే నమ్మకం లేకపోయింది. ఆయన ముందు పెట్టాను. ఆయన రెండు ప్రశ్నలూ పైకి చదివారు. మొదట పిల్ల రాసినట్టు, తర్వాత నేను దిద్దినట్టు. రెండోసారి చదువుతూ మధ్యలో ఆగిపోయి, “అమ్మా, మీరు విజయనగరం వారా?” అని అడిగారు. అవునన్నాను. గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను!

నవ్వులయ్యాక ఆయన ఆ అమ్మాయివైపు తిరిగి, “సరే. ఫారాలు పోయాయి. ఇప్పుడు నీ దగ్గరేముంది?” అన్నారు. ఆ పిల్ల అరసవల్లి ఆదివారం గురించి చెప్పడం మొదలుపెట్టింది. మొదట పుస్తక భాషలోనే. ఆ పెద్దాయన మాటల దగ్గరకి వచ్చేసరికి పుస్తకం పక్కకెళ్లిపోయింది, ఆయన ఎలా అన్నాడో అలాగే చెప్పింది. మందు మీద మందు పడితే ఇషమైపోదా అనేసరికి ఛైర్మన్ రాసుకోవడం ఆపేశారు. “నా దగ్గరకొచ్చే రోగుల్ని తాగి మర్చిపోయావా అని తిడుతూనే ఉన్నాను ఇన్నేళ్లుగా. ఈ మాట నేనెప్పుడూ అడగలేదు” అన్నారు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. స్టాటిస్టీషియన్ గారు ఎక్కడినుంచో మూడు టీలు పట్టుకొచ్చారు. ఎవరం తాగలేదు. పిలుపు వచ్చింది. రెండో ఏడాది ఇచ్చారు. పని మళ్లీ మొదటినుంచి చెయ్యాలి, అదీ ‘మందు మీద మందు’ అన్న సంగతి మీదే చెయ్యాలి. ఇంకొక షరతు కూడా రాశారు. ప్రశ్నల భాష విషయంలో పరిశోధకురాలిదే తుది మాట, మార్గదర్శి ప్రయాణ బిల్లుల మీద సంతకం పెడితే చాలు. నా ఉద్యోగంలో అందుకున్న ఉత్తర్వులన్నిటిలోకీ న్యాయమైనది అదే.

బయటకి రాగానే ఆ పిల్ల ఫోను తీసి కాలేజీ ప్రిన్సిపాల్‌కి చేసింది. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి, పక్కనున్న నాకూ వినిపిస్తోంది. “ఎప్పుడొస్తున్నావమ్మా? టైంటేబుల్ వేసేస్తున్నాం” అంటున్నాడు.

“నాను రాను సార్” అంది. “ఎవరికైనా ఇచ్చీండి సార్ ఆ పోస్టు. కాదు సార్, కోపమేటీ లేదు. నాకిక్కడ పనున్నాది.”

ఫోను పెట్టేసి నావైపు తిరిగింది.

“ఏటి మేడమ్, ఏడుస్తన్నారా?” అంది, మొదటిసారి నాతో తన ఊరి మాటలో.

అవును, ఏడుస్తున్నానన్నాను.